నజాషీ దర్బారులో మర్యమ్ సూరా

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన ఇంటివారిపై, సహచరులందరిపై శాంతీ శుభాలూ కురియుగాక!

ధార్మిక సోదరులారా!

మన జహీరాబాద్ పట్టణంలో శుక్రవారం మధ్యాహ్నం మసీదుల్లో దివ్యఖుర్ఆన్ వినిపిస్తుంది. ఆదివారం ఉదయం ఇదే పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో, చర్చిల్లో బైబిలును తెలుగులో బిగ్గరగా చదువుతారు. మనకూ వారికీ సంత ఒకటే, బస్‌స్టాండు ఒకటే, పిల్లలు చదివే బడులూ చాలావరకు ఒకటే. దైవవాక్కును చెవితో విని విశ్వాసాన్ని నిలుపుకునే అలవాటు కూడా ఇద్దరికీ ఉంది. అయినా వారి విశ్వాసాన్ని గురించి మనం మాట్లాడుకునే మాటలు అన్నివేళలా న్యాయంగా ఉండవు. అందుకే ఈ ఖుత్బాలో రెండు చరిత్రలను మీ ముందు ఉంచదలిచాము. ఒకటి పద్నాలుగు వందల ఏళ్ళ నాటిది. ఒక ముస్లిం దివ్యగ్రంథాన్ని పఠిస్తుండగా క్రైస్తవులు విన్న సభ అది. రెండోది మన సొంత మెతుకుసీమది. శ్రద్ధగా వినడం అంటే ఏమిటో, పొరుగువాని విశ్వాసాన్ని తూచే త్రాసు ఎవరి చేతిలో ఉందో ఈ రెండు చరిత్రలూ మనకు బోధిస్తాయి.

హబషాకు వలస

దైవప్రవక్త (సఅసం)కు ప్రవక్తృత్వం లభించిన ఐదవ సంవత్సరం, అంటే క్రీ.శ. 615 ప్రాంతం. మక్కాలో విశ్వాసులపై దౌర్జన్యం మితిమీరింది. అండలేని బానిసలను మండుటెండలో ఇసుకపై పడవేసి హింసించేవారు. అండ ఉన్నవారిని సొంత కుటుంబీకులే గొలుసులతో బంధించేవారు. అప్పుడు దైవప్రవక్త (సఅసం) తన సహచరులను ఎర్ర సముద్రం ఆవలనున్న హబషా దేశానికి వెళ్ళమని ఆదేశించారు. అక్కడ ఒక రాజున్నాడనీ, అతని ఏలుబడిలో ఎవరికీ అన్యాయం జరగదనీ కారణం చెప్పారు.

ఆ రాజు క్రైస్తవుడు. ఆ రాజ్యం నాలుగో శతాబ్దంలో ఎజానా చక్రవర్తి కాలం నుంచే క్రైస్తవ రాజ్యం. అక్కడి ప్రజలు గీజ్ భాషలో తమ గ్రంథాన్ని చదువుకునేవారు. అరబ్బులు ఆ రాజును నజాషీ అనేవారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇస్లామీయ సమాజానికి మక్కా వెలుపల దొరికిన మొట్టమొదటి నీడ ఒక క్రైస్తవ రాజు నీడ. మన తల్లులూ తండ్రులూ అనదగిన ఆ తొలితరం విశ్వాసులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళి అతని గడపనే ఆశ్రయించారు. తొలి బృందంలో హజ్రత్ ఉస్మాన్ (రజి), ఆయన సతీమణి, దైవప్రవక్త (సఅసం) కుమార్తె అయిన రుఖయ్యా (రజి) ఉన్నారు. తర్వాతి వలసలో ఎనభైమందికి పైగా పురుషులు, వారితో కొందరు స్త్రీలు వెళ్ళారు. వారి పక్షాన మాట్లాడే బాధ్యత అబూ తాలిబ్ కుమారుడూ, హజ్రత్ అలీ (రజి)కి అన్నగారూ అయిన హజ్రత్ జాఫర్ (రజి)పై పడింది.

ఈ వృత్తాంతాన్ని మనకు అందించినవారు విశ్వాసుల మాత హజ్రత్ ఉమ్మె సలమా (రజి). ఆమె ఆ వలసలో పాల్గొన్న స్త్రీ. ఆమె చెప్పగా విన్నవారు మరొకరికి చెప్పారు, వారు ఇంకొకరికి చెప్పారు, చివరకు అది సీరా గ్రంథాలకు ఎక్కింది. అంటే ఈ చరిత్ర కూడా మనకు వినికిడి ద్వారానే చేరింది.

దర్బారులో మొదటి రోజు

పారిపోయినవారిని వెనక్కు రప్పించాలని ఖురైషులు నిశ్చయించారు. అమ్ర్ బిన్ ఆస్, అబ్దుల్లా బిన్ అబీ రబీఆ అనే ఇద్దరు దూతలను హబషాకు పంపారు. మక్కా తోలుకు అక్కడ మంచి గిరాకీ ఉండేది. ఆ దూతలు మేలైన తోలు సరుకును కానుకలుగా పట్టుకెళ్ళి, రాజుకంటే ముందు అతని మతాధికారుల ఇళ్ళకు చేర్చారు. ఈ పరదేశులను విచారణ లేకుండానే అప్పగించమని రాజుకు నచ్చజెప్పాలని వారిని కోరారు. కానుకలు అందుకున్నవారు అలాగే సలహా ఇచ్చారు. రాజు కోపించాడు. తన్ను నమ్మి తన దేశానికి వచ్చినవారి మాట వినకుండా ఎవరికీ అప్పగించబోనన్నాడు.

సభ కొలువుతీరింది. మతాచార్యులు రాజు చుట్టూ కూర్చుని తమ గ్రంథ ప్రతులను తెరిచారు. ముహాజిర్లను పిలిపించారు. జాఫర్ (రజి) లేచి తమ జాతి పూర్వస్థితిని దాచకుండా చెప్పారు. తాము విగ్రహాలను పూజించామనీ, చచ్చిన జంతువులను తిన్నామనీ, బంధుత్వాలను తెంచామనీ, తమలో బలవంతుడు బలహీనుణ్ణి మింగేవాడనీ ఒప్పుకున్నారు. తర్వాత అల్లాహ్ తమలోనుంచే ఒక ప్రవక్తను లేపాడనీ, ఆయన సత్యం పలకమని, అమానతు కాపాడమని, పొరుగువారితో మంచిగా మెలగమని నేర్పారనీ వివరించారు.

రాజు అంతా విని, ఆ ప్రవక్త తెచ్చినదానిలో ఏమైనా మీకు కంఠస్థంగా ఉందా అని అడిగాడు. ఉందన్నారు జాఫర్ (రజి). అయితే వినిపించమన్నాడు రాజు. అప్పుడు జాఫర్ (రజి) మర్యమ్ సూరా తొలి భాగం పఠించారు.

ఆ భాగంలో ఏముంది? తల నెరసిన జకరియ్యా (అలైహి) మెల్లని స్వరంతో చేసిన ప్రార్థన ఉంది. ముసలితనంలో ఆయనకు కలిగిన యహ్యా (అలైహి) ఉన్నారు. ఆ తర్వాత కన్య మర్యమ్ (అలైహి), ఆమె ఒంటరితనం, ఖర్జూర చెట్టు కింద ఆమె పడిన ప్రసవవేదన ఉన్నాయి. ఆ సభలోని మతాచార్యులకు ఈ గాథ కొత్తది కాదు. వారి లూకా సువార్త కూడా వృద్ధుడైన జకర్యాతోనే మొదలై మరియమ్మ దగ్గరకు వస్తుంది. ఎడారి దాటి, సముద్రం దాటి వచ్చిన ఒక పరదేశి నోట తమ తల్లి కథ అంత గౌరవంగా వినిపించేసరికి వారు తట్టుకోలేకపోయారు. రాజు గడ్డం తడిసేలా ఏడ్చాడు. మతాచార్యుల కన్నీరు వారి ఒళ్ళోని గ్రంథ ప్రతులపై రాలింది. ఈ వాక్కూ, ఈసా (అలైహి) తెచ్చిన వాక్కూ ఒకే దీపపు గూటి నుంచి వచ్చాయని రాజు పలికి, దూతలను పొమ్మన్నాడు.

రెండవ రోజు పరీక్ష

చాలా ఖుత్బాలు ఈ వృత్తాంతాన్ని ఇక్కడితో ముగిస్తాయి. అసలు పరీక్ష మరునాడు వచ్చింది. అమ్ర్ తిరిగి రాజు వద్దకు వెళ్ళి, ఈసాను గురించి వీరు ఘోరమైన మాట అంటారు, పిలిచి అడగమన్నాడు. ఆ రాత్రి ముహాజిర్లకు గడిచినంత కష్టమైన రాత్రి మరొకటి లేదని ఉమ్మె సలమా (రజి) భావం. నిన్న కన్నీళ్ళతో గెలుచుకున్న ఆశ్రయం నేడు ఒక్క జవాబుతో పోవచ్చు. వారు తమలో తాము సంప్రదించుకుని, ఏది జరిగినా సరే, అల్లాహ్ చెప్పినదే చెబుతామని నిశ్చయించుకున్నారు.

జాఫర్ (రజి) సభలో నిలబడి, ఈసా (అలైహి) అల్లాహ్ దాసుడనీ, ఆయన ప్రవక్త అనీ, కన్య మర్యమ్‌కు ప్రసాదించబడిన అల్లాహ్ వాక్కు, ఆయన నుంచి వచ్చిన ఆత్మ అనీ చెప్పారు. దేవుని కుమారుడని అనలేదు. రాజును సంతోషపెట్టడానికి ఒక్క మాట కలపలేదు. రాజును నొప్పించడానికి కూడా ఒక్క మాట కలపలేదు. రాజు నేలపై నుంచి ఒక పుల్ల తీసి, ఈసా (అలైహి) నీవు చెప్పినదానికంటే ఈ పుల్లంతైనా మించినవారు కారన్నాడు. చుట్టూ ఉన్నవారు అసహనంతో గునిసినా లెక్కచేయలేదు. ముహాజిర్లకు అభయమిచ్చి, ఖురైషుల కానుకలు వారికే తిరిగి ఇప్పించాడు. రాజ్యం తనకు తిరిగి ఇచ్చినప్పుడు అల్లాహ్ తన వద్ద లంచం తీసుకోలేదనీ, తాను మాత్రం ఎందుకు తీసుకోవాలనీ అన్నాడు.

సోదరులారా! మొదటి రోజు జాఫర్ (రజి) ఇరువురికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని ఎంచుకుని వినిపించారు. రెండవ రోజు తేడా ఉన్నచోట తేడాను సూటిగా చెప్పారు. మొదటిది మాత్రమే ఉంటే అది ముఖస్తుతి అయ్యేది. రెండవది మాత్రమే ఉంటే అది తగాదా అయ్యేది. గ్రంథ ప్రజలతో మేలైన రీతిలోనే సంభాషించాలని అన్కబూత్ సూరా 46వ ఆయతు ఇచ్చే ఆదేశానికి ఆ రెండు రోజులు కలిసి ఒక నమూనా.

వినేవాని వైపు నుంచి కూడా చూడండి. ఆ రాజుకు వినకుండా ఉండడానికి కావలసినన్ని కారణాలున్నాయి. కానుకలు వచ్చాయి, సలహాదారులు ఒత్తిడి చేశారు, ఎదుట నిలిచినవారు నిరుపేద పరదేశులు. అయినా అతడు విన్నాడు. మాయిదా సూరా 82, 83 ఆయతులను వ్యాఖ్యాతలు నజాషీతోనూ, అతని వైపు నుంచి వచ్చినవారితోనూ ముడిపెట్టి వివరించారు. విశ్వాసుల పట్ల ప్రేమలో అందరికంటే దగ్గరివారు తాము క్రైస్తవులమని చెప్పుకునేవారని అక్కడ అల్లాహ్ తెలిపాడు. వారిలో పండితులూ సన్యాసులూ ఉండటం, వారు గర్వించకపోవటం అందుకు కారణమన్నాడు. వాక్కు వినిపించినప్పుడు సత్యాన్ని గుర్తించి వారి కళ్ళు చెమ్మగిల్లుతాయన్నాడు. గర్వం చెవులకు మూత వేస్తుందనీ, అది తొలగితే వాక్కు హృదయానికి చేరుతుందనీ ఆ ఆయతుల సారం.

నజాషీ తర్వాత ఇస్లాంను విశ్వసించాడు. అతడు మరణించిన రోజున దైవప్రవక్త (సఅసం) మదీనాలో ఆ వార్త ప్రకటించి, సహచరులను వరుసలుగా నిలిపి, నాలుగు తక్బీర్లతో అతని జనాజా నమాజు చేయించారని సహీహ్ బుఖారీలో ఉంది. అయితే ముహాజిర్లకు నీడ దొరుకుతుందని దైవప్రవక్త (సఅసం) నమ్మిననాడు అతడు క్రైస్తవుడే. అతని న్యాయబుద్ధికి ఆయన ఆనాడే సాక్ష్యం పలికారు.

మెతుకుసీమలో వినికిడి

ఇక మన నేలకు వద్దాం. జహీరాబాద్ 2016 అక్టోబరు వరకూ మెదక్ జిల్లాలోదే. ఆ మెదక్‌కు 1897లో చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ వచ్చారు. మనకు పొరుగైన బీదర్, వికారాబాద్‌లలో అమెరికా మెథడిస్టులు పనిచేశారు. ఈ ప్రాంతమంతా అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కరువు వచ్చినప్పుడు పోస్నెట్ మెదక్‌లో పెద్ద చర్చి నిర్మాణం చేపట్టి, ఆకలితో ఉన్నవారికి పనీ తిండీ కల్పించారు. 175 అడుగుల గోపురంతో ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. నిజాం రాజ్యంలోనే ఉన్న దోర్నకల్‌కు 1912లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

ఆ కాలంలో ఈ పల్లెల్లో క్రైస్తవులైనవారిలో ఎక్కువమంది మాల మాదిగ కులాలవారు. వారికి అక్షరం నేర్పేవారు లేరు. బావి దగ్గరకు రానిచ్చేవారు లేరు. ఏ పవిత్ర గ్రంథాన్నీ వారి ముందు చదివేవారు లేరు. అటువంటివారి పేటలోకి ఒక ఉపదేశకుడు వచ్చి, పొద్దంతా కూలిచేసి వచ్చినవారిని దీపం చుట్టూ కూర్చోబెట్టి, వారి సొంత తెలుగులో గ్రంథం చదివి వినిపించాడు. చదవలేనివారు విని కంఠస్థం చేశారు. కథలను పాటలుగా కట్టి పాడుకున్నారు. ఇలా ఒక తరం తన విశ్వాసాన్ని కంటితో కాక చెవితో నేర్చుకుంది.

వినికిడి బలం ఈ సీమకు తెలియనిది కాదు. జహీరాబాద్ దగ్గరి మాచునూరులో 2008 అక్టోబరులో మొదలైన సంఘం రేడియోను నడిపింది పేద దళిత స్త్రీలే. పుస్తకం అందనిచోట మాట అందుతుందని వారు రుజువు చేశారు.

హృదయాన్ని చీల్చి చూశామా?

ఇప్పుడు చేదైన విషయం ఒకటి చెప్పాలి. ఈ క్రైస్తవులను గురించి ఒక మాట ఊళ్ళలో తరచూ వినిపిస్తుంది. కరువులో గింజల కోసం మతం మారారనీ, వారిది బియ్యపు విశ్వాసమనీ అంటారు. విచారకరమేమంటే, మన నోళ్ళలో కూడా ఆ మాట అప్పుడప్పుడు దొర్లుతుంది. దక్కను ముస్లింలను గురించి కూడా ఇటువంటి మాటే అంటారని మనకు తెలియదా? మీ పెద్దలు కత్తికి జడిసి మారారనీ, కొలువుల కోసం మారారనీ అన్నప్పుడు మన మనసు ఎంత నొచ్చుకుంటుంది? మనను గాయపరిచే నిందను మనమే పొరుగువానిపై వేయడం ఏ న్యాయం?

పేదవాడు సత్యాన్ని ఎరగలేడన్న వాదం చాలా పాతది. నూహ్ (అలైహి)ను ఆయన జాతి పెద్దలు, నిన్ను అనుసరించినవారు మాలో అధములేగా అని ఎత్తిపొడిచారు. హూద్ సూరా 27వ ఆయతు ఆ మాటను వారి గర్వానికి సాక్ష్యంగా నమోదు చేసింది. మక్కా నాయకులు కూడా బిలాల్ (రజి), ఖబ్బాబ్ (రజి) వంటి పేదలను చూసి ముఖం చిట్లించారు. అలాంటివారిని దూరంగా నెట్టవద్దని అన్‌ఆమ్ సూరా 52వ ఆయతులో ఆజ్ఞ అవతరించింది. కాబట్టి మాల మాదిగ పేటల విశ్వాసాన్ని వారి పేదరికం చూపించి కొట్టిపారేసేవాడు, తెలిసో తెలియకో, నూహ్ (అలైహి)ను ఎగతాళి చేసినవారి వరుసలో నిలబడుతున్నాడు.

హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) ఉదంతం మీకు తెలుసు. యుద్ధంలో ఒకడు కలిమా పలికినా, ప్రాణభయంతో పలికాడని భావించి ఉసామా (రజి) అతణ్ణి చంపారు. దైవప్రవక్త (సఅసం) ఎంతో బాధపడి, అతని గుండెను చీల్చి చూశావా అన్న ప్రశ్నతో ఆయనను మందలించారు. ఆ ప్రశ్న కలిమా పలికినవానిని గురించి వేసినదే. అయినా మనుషుల అంతరంగం అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదన్న సూత్రం అందులో ఉంది. ఆలి ఇమ్రాన్ సూరా 113వ ఆయతు కూడా గ్రంథ ప్రజలందరూ ఒకే రకంగా లేరనీ, రాత్రివేళల్లో దైవవాక్యాలు పఠిస్తూ సాష్టాంగపడేవారు వారిలో ఉన్నారనీ చెబుతుంది. అల్లాహ్ వేరుచేసి చూసినవారిని మనం ఒకే గాటన కట్టరాదు.

ఇలా అన్నంతమాత్రాన తౌహీద్ విషయంలో మనం ఒక్క వెంట్రుకవాసి కూడా సడలము. జాఫర్ (రజి) రెండవ రోజు చెప్పినదే మన మాట. కాని సిద్ధాంతంలో తేడా చెప్పడం వేరు, ఎదుటివాని చిత్తశుద్ధిని శంకించడం వేరు. మొదటిది మన విధి. రెండవది మన అధికారంలో లేనిది.

మన చెవులకు పరీక్ష

సోదరులారా! ఇంతసేపూ ఇతరుల విశ్వాసాన్ని గురించి మాట్లాడాము. ఇప్పుడు మన వినికిడి సంగతి చూడాలి. ఖుర్ఆన్ పఠించబడుతున్నప్పుడు మౌనంగా, శ్రద్ధగా వినమని ఆరాఫ్ సూరా 204వ ఆయతు ఆదేశం. దైవప్రవక్త (సఅసం) ఒకసారి హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి)ను తనకు ఖుర్ఆన్ వినిపించమన్నారు. మీపై అవతరించినదాన్ని మీకే వినిపించనా అని ఆయన ఆశ్చర్యపోతే, ఇతరుల నోట వినడం తనకు ఇష్టమన్నారు. నిసా సూరా 41వ ఆయతుకు చేరేసరికి ఆయన కళ్ళు వర్షిస్తున్నాయి. వాక్కు ఎవరిపై అవతరించిందో వారే వినేవారి స్థానంలో కూర్చుని ఏడ్చారు. మరి మనం? తరావీహ్‌లో ఏటా మర్యమ్ సూరా వింటాము. ఫోనులో పేరున్న ఖారీల గళంలో వింటూ వంట చేస్తాము, బండి నడుపుతాము. స్వరం బాగుందని మెచ్చుకుంటాము. హబషా మతాచార్యుల గ్రంథ ప్రతులు ఏ మాటకు తడిశాయో మనకు తెలియదు.

దీనికి దారి కష్టమైనదేమీ కాదు. శుక్రవారం నాడు మనలో చాలామంది కహఫ్ సూరా పఠిస్తారు. అది ముగిసిన చోటే మర్యమ్ సూరా మొదలవుతుంది. అందులో ఉన్నవి 98 ఆయతులే. ఈ వారం ఇంకొన్ని పుటలు ముందుకు వెళ్ళండి. ముందు అరబీలో వినండి, తర్వాత తెలుగు అనువాదాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని బిగ్గరగా చదువుకోండి. ఖుర్ఆన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చినవారు డాక్టర్ చిలుకూరి నారాయణరావు గారనే హిందూ పండితులు. మన గ్రంథాన్ని ముస్లిమేతరుడు ఒకరు అంత ఆదరంతో చదివి మన భాషలో అందిస్తే, మనం దాన్ని అల్మారాలో గుడ్డకట్టి ఉంచడం తగునా?

రెండవ కర్తవ్యం నాలుకది. మన క్రైస్తవ పొరుగువారి ప్రార్థనను, వారి పాటను, వారి పేదరికాన్ని హేళన చేసే మాట మన ఇళ్ళలో వినిపించకూడదు. పిల్లలు అంటే పెద్దలు ఆపాలి.

మూడవది న్యాయం. నజాషీ గొప్పతనం కన్నీళ్ళతో ముగియలేదు. ఆ కన్నీళ్ళు అభయంగా మారాయి, కానుకలు వెనక్కు వెళ్ళాయి. ఏ పంచాయితీలోనైనా, ఏ దుకాణంలోనైనా, ఏ బలహీనుణ్ణైనా విచారించకుండా బలవంతునికి అప్పగించమని మనపై ఒత్తిడి వచ్చిన రోజున, ముందు అతని మాట వింటానని చెప్పగలగాలి. అతడు ఏ మతంవాడైనా సరే. మన పూర్వులు ఆ ఒక్క మాట వల్లే బ్రతికారు. ఆ రుణం మనపై ఉంది.

ఓ అల్లాహ్! నీ వాక్కును విని హృదయం కరిగేవారిలో మమ్మల్ని చేర్చు. మా చెవుల నుంచి గర్వపు మూతను తొలగించు. నీకు మాత్రమే తెలిసిన హృదయాలపై తీర్పు చెప్పే దుస్సాహసం నుంచి మమ్మల్ని కాపాడు. హబషా నేలపై నీ దాసులకు నీడనిచ్చినవాని న్యాయబుద్ధిని మా జహీరాబాద్ వాసులందరికీ ప్రసాదించు. ఆమీన్.